పగిలిన జాడీ

1823లో జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు డోబరైనర్ ఒక గాజుజాడీని ఉదజని వాయువుతో నింపి నీటిపై బోర్లించెను. క్రమముగా జాడీలోనికి నీరెక్కుట చూచి యాతడు విస్మితుడయ్యెను. పరికింపగా జాడీకి సన్నని పగులు కానవచ్చెను. ఆ పగులుగుండ ఉదజని వెలికి పోవుచుండెను. గాలియు లోనికి వచ్చుచుండెను గాని యంత వేగముగ రాకుండెను.

ఈ వింతలోని నియమమును కనుగొన్నవాడు థామస్ గ్రాహం. ఆతడు 1805లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. కుమారుడు మతబోధకుడు కావలెనని తండ్రి యభిలషించెను. గ్రాహం మనస్సు రసాయన శాస్త్రముపై నిలిచెను. తండ్రి యాగ్రహమునకు పాత్రుడైనను ఆతడు పట్టు విడువలేదు.

గ్రాహం ఒక గొట్టపుకొనను సూక్ష్మరంధ్రములుగల ప్లాస్టర్ బిళ్ళతో మూసి, అందు వాయువును నింపి నీటిపై నిలిపెను. వెలికి పోయిన వాయువెంతయో, లోనికి వచ్చిన గాలి యెంతయో కొలిచెను. 1833లో ఆతడు ప్రకటించిన నియమమిది: వాయువు వ్యాపించు వేగము దాని సాంద్రతయొక్క వర్గమూలమునకు విలోమానుపాతమున నుండును.

గాలి ఉదజనికంటె సుమారు 14.4 రెట్లు బరువైనది. అందుచే ఉదజని 14.4 రెట్లు వేగముగ పోవునని తలంపరాదు. 14.4కు వర్గమూలము సుమారు 3.8. ప్రయోగమున గ్రాహమునకు లభించినది 3.83.

కారణమేమన, ఒకే ఉష్ణోగ్రతయందు అన్ని వాయువుల అణువులకును సగటు గతిశక్తి సమానము. కావున అణుభారము తక్కువగుకొలది అణువులు ఎక్కువ వేగముగ చలించును.

పగిలిన జాడీని పారవేయుట సులభము. అది యేల అట్లు ప్రవర్తించెనో విచారించుటయే శాస్త్రజ్ఞుని లక్షణము.