సేవకుని పవిత్రత – సంఘము బాధ్యత

పాఠ్యభాగములు: 1 థెస్సలొనీకయులకు 4:1-8, 1 తిమోతికి 5:1-2, 19-21, ఆదికాండము 39, 2 సమూయేలు 11, 12 అధ్యాయములు.

పాఠము ఉద్దేశము: సువార్త పనిలో ఉన్నవారు శరీర విషయములో పవిత్రముగా జీవించుటకు వాక్యము ఏమి నేర్పుచున్నదో, అందుకు సంఘము ఏ విధముగా తోడ్పడవలెనో తెలిసికొనుట.



ప్రార్థనను గూర్చి, కానుకను గూర్చి, కుటుంబ ఆరాధనను గూర్చి మనము ఎన్నో పాఠములు విన్నాము. సేవకుల పవిత్రతను గూర్చి మాత్రము నోరు విప్పుటకు జంకుదుము. "పదిమందిలో ఆ మాటలెందుకు?" అని తప్పించుకొందుము. పౌలు అట్లు జంకలేదు. థెస్సలొనీక సంఘము అప్పుడే పుట్టిన సంఘము. అయినను స్పష్టముగా వారికి వ్రాసెను. కనుక బాబుపేట్‌లోను, లాల్‌పేట్, బల్లార్షా, ఘుగ్గుస్ వైపున ఉన్న మన తెలుగు కుటుంబములలోను ఈ పాఠము పెద్దలు, స్త్రీల సమాజము, యౌవనస్థులు కలిసి చదువవలెనని మా మనవి.

1. వాక్యము ఏమి నేర్పుచున్నది?

మొదటిది, మనము పరిశుద్ధులమగుట దేవుని చిత్తమని పౌలు చెప్పెను. ఆ వెంటనే 6వ వచనములో, ఈ విషయమందు ఎవడును తన సహోదరునికి అన్యాయము చేయరాదని హెచ్చరించెను. ఈ వచనమును మనము త్వరగా దాటిపోవుదుము. జారత్వము ఒక మనుష్యునికి, దేవునికి మధ్యనున్న రహస్య పాపము మాత్రమే కాదు. అందులో నష్టపోయిన మరియొకరు ఉందురు. ఒక స్త్రీ గౌరవము, ఒక భర్త నమ్మకము, పిల్లల నెమ్మది దోపిడి అగును.

రెండవది, తిమోతి యౌవనుడు. అతడు వృద్ధ స్త్రీలను తల్లులుగాను, యౌవన స్త్రీలను అక్కచెల్లెండ్రుగాను ఎంచవలెనని పౌలు నేర్పెను. మన తెలుగువారికి ఇది సులభముగా అర్థము కావలెను. మనము ఎవరినైనను వరుస పెట్టియే పిలుచుదుము. అయితే వరుసలన్నియు ఒకటి కావు. వదినతో మరదలితో వేళాకోళమాడు వాడుక మన ఇండ్లలో ఉన్నది. సువార్తికుడు ఆ వాడుకను సంఘములోనికి తేరాదు. "అమ్మా", "అక్కా", "చెల్లెమ్మా" అను పిలుపులే అతనికి తగినవి. నోట "అక్కా" అనుటతో సరిపోదు. కన్ను కూడా అక్కగానే చూడవలెను.

మూడవది, యోసేపు, దావీదు. యోసేపు పరాయి దేశములో ఉన్నాడు. తనవారు ఎవరును చూచుట లేదు. అతడు దాసుడు, అధికారము లేనివాడు. అయినను పై వస్త్రము విడిచి పారిపోయెను. దావీదు తన ఊరిలో, తన మేడమీద ఉన్నాడు. సైన్యము యుద్ధములో ఉండగా అతడు ఇంట నిలిచెను. అతని చేతిలో అధికారమున్నది. దూతలను పంపి ఆమెను రప్పించెను. రాజు పిలిచినప్పుడు సైనికుని భార్య ఏమని కాదనగలదు? నాతాను ప్రవక్త చెప్పిన ఉపమానమును గమనించుడి. తప్పంతయు ధనవంతుని మీదనే మోపెను. గొఱ్ఱెపిల్ల మీద ఒక్క మాటైనను వేయలేదు. ఇటువంటి సంగతి బయటపడినప్పుడు మొదట స్త్రీనే నిందించు మన అలవాటును ఈ ఉపమానము ఖండించుచున్నది.

2. వలస వచ్చిన చోట శోధనలు

బొగ్గు గనుల పనికి, మిల్లు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబములు మనవి. మన పరిస్థితులను బట్టి సేవకులకు కొన్ని ప్రత్యేక శోధనలు కలుగుచున్నవి.

మొదటిది, ఒంటరితనము. సువార్తికుడు కరీంనగర్ వైపునుండియో, మంచిర్యాల వైపునుండియో వచ్చును. ఇంటి అద్దె, పిల్లల చదువు భారమని భార్యాబిడ్డలను అక్కడనే ఉంచి, మందిరము వెనుక గదిలో ఒంటరిగా ఉండును. ఖర్చు తగ్గెనని సంఘము సంతోషించును. కాని భార్యాభర్తలు చాలకాలము ఎడబాసి ఉండరాదని 1 కొరింథీయులకు 7:5 బోధించుచున్నది. భార్యను వెంటబెట్టుకొని తిరుగుటకు అపొస్తలులకు హక్కు ఉన్నదని 9:5 చెప్పుచున్నది.

రెండవది, గని షిఫ్టులు. ఇంటి యజమాని మొదటి షిఫ్టుకు పోయినప్పుడో, నైట్ షిఫ్టులో ఉన్నప్పుడో సేవకుడు ప్రార్థనకు వచ్చును. ఉద్దేశము మంచిదే. అయితే ఇంట ఒక్క స్త్రీయే ఉండును.

మూడవది, కన్నీరు. త్రాగుబోతు భర్తతో విసిగిన సహోదరి తన బాధ అయ్యగారితో చెప్పుకొనును. ఓపికగా వినిన మొదటి మగవాడు అతడే కావచ్చును. కనికరముగా మొదలైనది మెల్లగా మమకారమగును. ఆమె "అయ్యగారు" అని పిలిచిన వానిని కాదనుటకు భయపడును. కనుక ఆమె ఎదురు చెప్పలేదు గదా అని సేవకుడు తన్ను తాను సమర్థించుకొనరాదు. అధికారము ఉన్నవానిదే ఎక్కువ బాధ్యత.

నాలుగవది, చేతిలోని ఫోను. పూర్వము గది తలుపు మూసినప్పుడే జంకు పుట్టెడిది. ఇప్పుడు ఆ గది జేబులోనే ఉన్నది. ప్రార్థన అంశమని రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్‌లో మొదలైన మాటలు ఎక్కడికి పోవునో చెప్పలేము. పంపిన మాటను వెంటనే చెరిపివేయవలెనని ఎప్పుడు అనిపించునో, అప్పుడే ఆగవలసిన గుర్తు వచ్చెనని తెలిసికొనవలెను. ఫోనులో అసహ్యమైన చిత్రములు చూచుట కూడా మత్తయి 5:28లో ప్రభువు చెప్పిన పాపమే.

3. చరిత్ర నేర్పిన పాఠములు

మన తెలుగు బాప్టిస్టు చరిత్రలో జాన్ క్లౌ దొరగారిని ఎరుగనివారు లేరు. 1876-78 సంవత్సరముల గొప్ప కరవులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకములో ఒక భాగము కంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. ఆ కాలములో బాప్తిస్మము కోరినవారు అనేకులు. అయినను కరవు సహాయము సాగినంత కాలము, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మములు ఆపివేసెను. కూడు కొరకు ఎవరును చేరరాదని ఆయన తలంపు. సహాయము ఆపిన తరువాతనే, 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇది శరీర పవిత్రతను గూర్చిన సంగతి కాదు. అయినను మూలము ఒకటే: నీ చేతి వైపు చూచుచున్న మనుష్యుల లేమిని నీ లాభమునకు వాడుకొనరాదు.

1948లో అమెరికాలోని మొడెస్టో పట్టణములో బిల్లీ గ్రాహం, ఆయన తోటి సేవకులు కూడి, సువార్తికులు ఎక్కడ పడిపోవుచున్నారని ఆలోచించిరి. డబ్బు, స్త్రీల విషయము, స్థానిక సంఘములను కించపరచుట, లెక్కలు పెంచి చెప్పుట అని నాలుగు కనబడెను. భార్య గాక వేరొక స్త్రీతో ఒంటరిగా ప్రయాణించుట గాని, భుజించుట గాని చేయరాదని నియమము పెట్టుకొనిరి. అది ఆయనకు జీవితాంతము కంచెగా నిలిచెను.

అయితే నియమము ఒక్కటే రక్షించునా? మద్రాసులో పుట్టి లోకమంతట పేరుపొందిన రవి జకరయ్య కూడా తాను పరస్త్రీతో ఒంటరిగా ఉండనని 2017లో బహిరంగముగా చెప్పెను. ఆయన 2020 మే నెలలో మరణించెను. 2021 ఫిబ్రవరిలో ఆయన సంస్థయే నియమించిన న్యాయవాదుల నివేదిక వెలువడెను. అనేక సంవత్సరములు ఆయన మర్దన చేయు స్త్రీలతో లైంగికముగా తప్పుగా ప్రవర్తించెనని అందులో తేలెను. 2017లోనే ఒక స్త్రీ ఫిర్యాదు చేయగా, సంస్థ పెద్దలు ఆమెను కాక ఆయననే నమ్మిరి. తరువాత వారే బహిరంగముగా క్షమాపణ కోరవలసి వచ్చెను. లెక్క అడుగువారు లేని నియమము కాగితము మీది నియమమే.

మరియొక సంగతి బాప్టిస్టులమైన మనకు సూటిగా తగులును. అమెరికాలోని సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్‌పై 2022 మే నెలలో ఒక విచారణ నివేదిక వెలువడెను. లైంగిక నేరారోపణలున్న 700 మందికి పైగా సంఘ పనివారు మొదలగువారి పేర్ల జాబితా కార్యాలయములో సంవత్సరముల తరబడి ఉన్నను, దానిని సంఘములకు తెలుపలేదని బయటపడెను. ప్రతి సంఘము స్వతంత్రము గనుక మేమేమి చేయగలమని పెద్దలు వాదించిరి. మనది కూడా ఆ పద్ధతియే. ఒక ఊరిలో తొలగింపబడినవాడు రైలెక్కి మరియొక ఊరిలో "బ్రదర్" అని బోధకు నిలువగలడు. కనుక స్వతంత్రత అను పేరుతో మౌనముగా ఉండుట తగదు.

4. సంఘము చేయవలసినవి

(అ) కుటుంబముతో నివాసము. సువార్తికుని పిలుచునప్పుడే అతని భార్యాబిడ్డలకు చాలినంత అద్దె, జీతము లెక్కవేయవలెను. అంత శక్తి లేనియెడల రెండు సంఘములు కలిసి ఒకనిని పోషించవచ్చును.

(ఆ) ఇద్దరిద్దరుగా. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరినిగా పంపెను (మార్కు 6:7). యజమాని షిఫ్టులో ఉన్న ఇంటికి సేవకుడు పోవలసివచ్చినయెడల ఒక పెద్ద సహోదరి తోడు రావలెను. తలుపు తెరిచి ఉండవలెను.

(ఇ) స్త్రీలకు స్త్రీలు. సహోదరీల సొంత బాధలు వినుటకు అనుభవముగల ఇద్దరు ముగ్గురు తల్లులను సంఘము నియమించవలెను. అయితే జాగ్రత్త అను పేరుతో స్త్రీలను అపాయముగా చూచి దూరము పెట్టరాదు. ప్రభువు సమరయ స్త్రీతో మాటలాడెను. పట్టపగలు, ఊరి బావి యొద్ద మాటలాడెను (యోహాను 4). రోగియైన విధవరాలిని నియమము నెపముతో విడిచిపెట్టుట కూడా పాపమే.

(ఈ) లెక్క అడుగు మిత్రులు. నెలకొకసారి ఇద్దరు పెద్దలు సేవకునితో కూర్చుండి, ఒంటరితనము, ఫోను, తలంపులు, భార్యతో సమాధానము గూర్చి నేరుగా అడుగవలెను. పెద్దల భార్యలు అతని భార్యను కూడా విడిగా అడుగవలెను.

(ఉ) పిల్లలు. సండే స్కూలులోను, వేసవి తరగతులలోను ఏ బిడ్డయు ఒక్క పెద్దవానితో ఒంటరిగా ఉండకుండ ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెను.

(ఊ) శిఫారసు ఉత్తరము. ముందు పనిచేసిన సంఘము వారిని విచారించక ఎవరిని పిలువరాదు. అడిగినప్పుడు నిజమునే వ్రాయవలెను. "మన నెత్తి మీదనుండి పోయిన చాలు" అని మంచి ఉత్తరము వ్రాసి పంపుట పొరుగు సంఘమునకు అపకారము చేయుటయే.

5. ఆరోపణ వచ్చినప్పుడు

ఇద్దరు ముగ్గురు సాక్షులు లేక పెద్దమీద దోషారోపణ తీసుకొనవద్దని 1 తిమోతికి 5:19 చెప్పుచున్నది. పోతీఫరు భార్య యోసేపు మీద అబద్ధము చెప్పినట్లు అబద్ధ ఆరోపణలు ఉండవచ్చును. అయితే ఈ వచనమును అడ్డుపెట్టి విచారణయే వద్దనుట తప్పు. ద్వితీయోపదేశకాండము 22:25-27 చూడుడి. పొలములో బలవంతము చేయబడిన స్త్రీకి సాక్షి ఎవరును లేరు. అయినను ధర్మశాస్త్రము ఆమె పక్షముననే నిలిచెను. ఫోనులోని మాటలు, ఇతర స్త్రీల అనుభవములు కూడా సాక్ష్యములే. పౌలు 21వ వచనములో పక్షపాతము వద్దనెను.

విచారణ ముగియువరకు సేవకుడు ప్రసంగ వేదికకు దూరముగా ఉండవలెను. అతని భార్యాబిడ్డలకు అన్నము, అద్దె ఆపరాదు. వారు ఏ తప్పు చేయలేదు. విచారణలో స్త్రీలు కూడా కూర్చుండవలెను.

పదునెనిమిది ఏండ్లలోపు బిడ్డ విషయమైనచో సంఘ పంచాయతీ పనికిరాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలసినదే. తెలిసియు దాచుట నేరము. పిల్లల సహాయమునకు 1098, స్త్రీల సహాయమునకు 181 నంబర్లు మందిరము గోడ మీద వ్రాసి ఉంచుడి.

క్షమాపణ వేరు, ప్రసంగ వేదిక వేరు. పశ్చాత్తాపపడినవానిని సాత్వికముతో దారికి తేవలెను (గలతీయులకు 6:1). అంతమాత్రమున వెంటనే మంద కాయుటకు అప్పగింపవలెనని వాక్యము చెప్పలేదు. దావీదు క్షమింపబడెను గాని అతని ఇంట ఖడ్గము నిలిచెను.

6. సేవకులకు ఒక మాట

ప్రియ సేవకులారా, శోధింపబడుట పాపము కాదు. దానిని దాచిపెట్టి పెంచుట అపాయము. మొదటి తలంపు కలిగిననాడే ఒక నమ్మకమైన పెద్దతో చెప్పుడి. పెద్దలారా, "నాకు శోధన కలుగుచున్నది" అని చెప్పినవానిని ఆ దినముననే పనిలోనుండి తీసివేసినయెడల, ఇక ఎవడును మీతో నిజము చెప్పడు. జీతము పోవునను భయమే అనేకులను చీకటిలో ఉంచుచున్నది. ముందుగా చెప్పినవానికి తోడుగాను, పడిపోయి ఇతరులకు హాని చేసినవానిని దాచకుండను ఉండుట సంఘము నేర్వవలసిన రెండు పనులు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నాతాను ఉపమానములో గొఱ్ఱెపిల్ల మీద నింద ఎందుకు లేదు? మన సంఘములో ఎవరిని ముందుగా నిందించుదుము?
2. మన సువార్తికుని కుటుంబము అతనితో ఉన్నదా? లేనియెడల కారణమేమి, ఈ సంవత్సరము మనమేమి చేయగలము?
3. బాధపడిన ఒక సహోదరి లేక బిడ్డ మన సంఘములో ఎవరితో చెప్పుకొనవలెను? ఆ పేర్లు అందరికి తెలియునా?
4. మనము చివరిగా ఇచ్చిన శిఫారసు ఉత్తరములో నిజమంతయు ఉన్నదా?

ఈ నెల కూడికలలో సేవకుల కుటుంబముల కొరకును, సంఘములలో గాయపడి మౌనముగా ఉన్న సహోదరీల కొరకును పేరుపేరున కాకపోయినను హృదయపూర్వకముగా ప్రార్థించుడి. ప్రభువు మనలను నిర్దోషులుగా కాపాడునుగాక. ఆమేన్.