బ్రేకున్న రంపానికి ఏ బ్లేడు?

ఈ వ్యాసానికి కారణం మా కాక ఎడమచేతి చూపుడు వేలు. ఆయన వికారాబాదులో వడ్రంగి. మిషను రంపం మీద టేకు చెక్క కోస్తుండగా పై కణుపు పోయింది. సంగతి తెలిసి తాండూరు నుంచి రైలెక్కి చూడబోయాను. మాటల్లో, "వేలు తగిలితే ఆగిపోయే రంపాలు అమెరికాలో వున్నాయి కాకా" అన్నాను. ఆయన నవ్వి, "అది వేలని దానికెట్ల ఎరుకైతదిరా?" అన్నాడు. ఫిజిక్సు చదివేవాణ్ణి గనక జవాబు చెప్పక తప్పింది కాదు.

భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొంది, పేటెంటు వకీలుగా పనిచేస్తున్న స్టీవ్ గాస్ అనే ఆయనకు 1999లో ఈ ఆలోచన వచ్చింది. సాస్టాప్ పేరుతో ఆ రంపాలు 2004లో అమ్మకానికి వచ్చాయి. సూత్రం చిన్నదే. తిరిగే బ్లేడులోకి స్వల్పమైన విద్యుత్ సంకేతం పంపుతారు. ఎండిన చెక్క దాన్ని పెద్దగా లాగదు, మన వొళ్ళు లాగుతుంది. వేలు తగలగానే సంకేతం పడిపోతుంది. వెంటనే ఒక బలమైన స్ప్రింగు అల్యూమినియం దిమ్మను బ్లేడు పళ్ళలోకి తోస్తుంది. పళ్ళు అందులో దిగబడి బ్లేడు ఆగుతుంది, ఆ వూపుకు బల్ల కిందికి పోతుంది. ఇదంతా సుమారు 5 మిల్లీసెకండ్లలో.

లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 4000 చుట్లు తిరిగే 10 అంగుళాల బ్లేడు అంచు వేగం సెకనుకు 53 మీటర్లు. ఆపేవాడు లేకపోతే ఆ 5 మిల్లీసెకండ్లలోనే బ్లేడు మూడోవంతు చుట్టు తిరుగుతుంది. అంటే 40 పళ్ళ బ్లేడులో 13 పళ్ళు వేలి మీదుగా పోతాయన్నమాట! బ్రేకుంటే చాలాసార్లు చిన్న గాటుతో సరిపోతుంది. దిమ్మ వున్న పెట్టె మాత్రం మళ్ళీ పనికిరాదు, బ్లేడు కూడా చాలావరకు పాడవుతుంది.

అంతా విని కాక అడిగాడు: "మరి మీ తాండూరు బండ కోసే బ్లేడు దానికి పెట్టొచ్చునా? ఒక్క మిషన్ల రెండు పనులైతయి."

పెట్టకూడదు. మన పాలిషింగ్ యూనిట్లలో బండ కోసే బ్లేడుకు రంపం పళ్ళుండవు. అంచు మీద వజ్రపు రవ్వ కలిపిన ముక్కలుంటాయి, అవి రాయిని అరగదీస్తాయి. వజ్రం విద్యుత్తును పోనివ్వదు. కాబట్టి తగిలింది వేలని యంత్రానికి తెలియకపోవచ్చు. పైగా బండ కోతలో నీళ్ళు ధారగా పోస్తారు. ఆ తడి సంకేతాన్ని లాగేస్తే ఎవరి వేలూ తగలకుండానే బ్రేకు పడుతుంది. పచ్చి చెక్కతోనూ, చెక్కలో వున్న మేకుతోనూ ఇదే చిక్కు.

కనుక ఈ రంపానికి వుక్కు బ్లేడే వుండాలి, కార్బైడ్ పళ్ళున్నా ఫరవాలేదు. కోత వెడల్పు 3/32 నుంచి 3/16 అంగుళం మధ్య వుండాలి. 10 అంగుళాల రంపంలో మామూలు పెట్టెకు 10 అంగుళాల బ్లేడే బిగించాలి. చిన్నది వేస్తే దిమ్మకూ పళ్ళకూ దూరం పెరిగి ఆగడం ఆలస్యమవుతుంది. అందుకే గాడులు కోసే 8 అంగుళాల బ్లేళ్ళ జతకు పెట్టే వేరు. బ్లేడు మార్చినప్పుడల్లా ఆ ఎడం సుమారు 2 మిల్లీమీటర్లకు సరిచూసుకోవాలి. పళ్ళ వెనక భుజంలాంటి ఎత్తులున్న బ్లేళ్ళు కొన్ని వస్తాయి. చెక్క వెనక్కి తన్నకుండా అవి మంచివే గాని, పన్ను దిమ్మలోకి లోతుగా దిగనివ్వవు కాబట్టి ఇక్కడ వద్దు. ఇరుసు లావు 5/8 అంగుళం. మన బజార్లో 25.4, 30 మిల్లీమీటర్ల రంధ్రం బ్లేళ్ళు కూడా దొరుకుతాయి, వాటిని ఎట్లాగో సర్ది బిగించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పళ్ళ సంఖ్యకు బ్రేకుతో పనిలేదు: నిలువు కోతకు 24, అడ్డకోతకు 60 నుంచి 80, రెంటికీ ఒక్కటే కావాలంటే 40.

"అంత పైసల మిషను మనకేడిది?" అన్నాడు కాక. నిజమే. నేను ఆయన రంపం చూశాను. బ్లేడు మీది పైమూత ఎప్పుడో విప్పి మూలన పడేశారు, దుమ్ము పట్టివుంది. "పని ఆగుతదని తీసిన" అన్నాడు. బ్లేడు వెనక నిలబడి, కోసిన సందు మూసుకోకుండా చూసే ఇనప రేకు కూడా లేదు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని రెండూ బిగించాం. చెక్కను నెట్టే కర్రను మర్నాడు ఆయనే చేసుకున్నాడు, వేలు పోయిననాడు సగం కోసి వదిలేసిన ఆ టేకు ముక్కతోనే.