మ్రోగిన భూగోళము

సంతలో కుండను కొనువారు దానిని వ్రేలితో తట్టి చూతురు. ఖంగున మ్రోగినచో కొందురు; బొంగురుగ పలికినచో ఎక్కడనో బీటవారినదని విడిచిపెట్టుదురు. కుండను పగులగొట్టకయే దాని గుట్టు తెలిసికొను ఉపాయమిది. త్రవ్వి చూచుటకు వీలుగాని భూగర్భమును శాస్త్రజ్ఞులు ఈ విధముగనే పరీక్షించిరి.

గోళములన్నియు ఒకే రీతిని కంపింపవు. కాలిగజ్జె బోలుగా ఉండును. దాని పలుచని రేకు సులభముగ వంగును. కావున దాని కంపనములు చెవికి వినబడునంత నెమ్మదిగ ఉండును. 2 సెంటీమీటర్ల వ్యాసముగల ఉక్కు గుండును తట్టినచో అదియు కంపించును. కాని ఆ కంపనములు సెకండునకు 1,00,000కు పైబడి యుండును. 20,000కు మించినవానిని మన చెవి గ్రహింపజాలదు. గుండు పెద్దదైన కొలదియు కంపనము నెమ్మదించును. భూమియంత ఉక్కు గుండు ఒకమారు కంపించుటకు సుమారు 78 నిమిషములు పట్టునని 1882లో హొరేస్ లాంబ్ అను ఆంగ్ల గణితవేత్త లెక్కగట్టెను.

కంపనములపై వేడిమి ప్రభావము కూడ కలదు. ఉక్కును వేడిచేసినచో అది వ్యాకోచించును, దాని బిగువు సడలును, కంపనములు నెమ్మదించును. భూకేంద్రమున ఉష్ణోగ్రత 5,000 డిగ్రీల సెంటీగ్రేడునకు పైబడి యుండును. కావున భూమి ఉక్కు గుండుకంటె నెమ్మదిగ కంపింపవలెనని ఎవరికైనను తోచును.

1960 మే 22న దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున 9.5 పరిమాణముగల భూకంపము సంభవించెను. పరికరములతో కొలిచిన భూకంపములలో అంతకు మించినది లేదు. ఆ దెబ్బకు భూగోళమంతయు గంటవలె కంపించెను. ఒకమారు గుమ్మడికాయవలె అణగుచు, మరియొకమారు కోడిగ్రుడ్డువలె సాగుచు ఊగెను. ఆ మార్పు అత్యల్పమగుటచే సున్నితమైన పరికరములు మాత్రమే దానిని పసిగట్టెను. ఒక్కొక్క కంపనమునకు పట్టిన కాలము సుమారు 54 నిమిషములు!

భూమి ఏల ఇంత త్వరగా కంపించెను? కారణములు రెండు. చెదిరిన ఆకారమును భూమియొక్క ఆకర్షణశక్తి మరల గుండ్రముగ లాగుచుండును. అదిగాక, పైనున్న శిలల భారముచే లోపలి పదార్థము అదిమివేయబడి బిగిసియున్నది. వేడిమి సడలించుచుండగా ఒత్తిడి బిగించుచుండును. సుమారు 2,900 కిలోమీటర్ల లోతున వేడిమి గెలిచినది. అచ్చట ఇనుము కరిగి ద్రవముగ నున్నది. అంతకంటె చాల దిగువన, వేడిమి మరింత హెచ్చినను, ఒత్తిడియే గెలిచినది. అచ్చట ఇనుము ఘనముగ నున్నది. ఆ లోపలి గోళమును 1936లో ఇంగె లేమన్ అను డెన్మార్కు శాస్త్రజ్ఞురాలు కనుగొనెను. అది ఘనరూపమున నున్నదని 1971లో భూమి కంపనములే నిరూపించెను.

2004 డిసెంబరు 26న సుమత్రా సమీపమున వచ్చిన భూకంపమువలన లేచిన అలలు ఆంధ్ర తీరమునందును పలువురిని బలిగొన్నవి. అలలు శాంతించిన పిదపను భూగోళము 20 నిమిషముల కొకమారు ఉబ్బుచు, తగ్గుచు నెలల తరబడి కంపించుచునే యుండెను. అంత గొప్ప ఉత్పాతము నుండియు మానవుడు భూగర్భ రహస్యములను కొన్నిటిని నేర్చుకొనగలిగెను.