ఉమ్మడి కృషికి ఉమ్మడి నెలవు

మూలపాఠాన్ని అందరికీ తెరచి ఉంచిన కంప్యూటర్ ప్రోగ్రాములను ఓపెన్ సోర్స్ అంటారు. ఇవి పలుదేశాలవారి ఉమ్మడి కృషిఫలం. ఆ కృషిని భద్రపరచే చోటు ఎవరిదన్నది ముఖ్యమైన ప్రశ్న. గూగుల్ నడిపిన గూగుల్ కోడ్ 2016లో మూతపడింది. గిట్‌హబ్‌ను 2018లో మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసింది. ఇటువంటి నిర్ణయాలలో అక్కడ పనిచేసేవారికి ఓటు లేదు.

2018లో బెర్లిన్‌లో ఏర్పడిన కోడ్‌బెర్గ్ లాభాపేక్ష లేని సంఘం. చందాలు, విరాళాలే దానికి ఆధారం. నిర్వాహకులను సభ్యులే ఎన్నుకుంటారు.

తరలింపులో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది సులభం. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ పద్ధతిలో, పూర్తి నకలు తీసుకున్న ప్రతివారి వద్దా మార్పుల చరిత్ర అంతా ఉంటుంది. రెండవది కష్టతరం. లోపాల నివేదికలు, వాటిపై సాగిన చర్చలు ఆ నకలులో ఉండవు. వాటిని వేరుగా తెచ్చుకోవాలి, లేదా పాతచోటనే విడిచిపెట్టాలి. 2025లో కోడ్‌బెర్గ్‌కు తరలిన జిగ్ అనే ప్రోగ్రామింగ్ భాష బృందం రెండవ మార్గాన్నే ఎన్నుకున్నది. ఏ మార్గమైనా, పాతచోట కొత్త చిరునామా తెలిపే ప్రకటన ఉంచడం అవసరం.

పెద్ద సంస్థ భరించిన ఖర్చు ఇక్కడ సభ్యులపై పడుతుంది. ఊరి చెరువు నీరు వాడుకునేవారు పూడిక తీయడానికీ రావలసి ఉంటుంది.