పాఠం 9: పాటతో చెప్పే కృతజ్ఞత

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సంక్రాంతి కళాకారులు తమను ఆదరించినవారికి కృతజ్ఞత ఎలా తెలుపుతారో చెప్పగలుగుతారు.
• 'బిచ్చం', 'సంభావన' అనే మాటల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• చిన్న కృతజ్ఞతాలేఖ రాయగలుగుతారు.

9.1 హరిదాసు

సూరత్‌లోని ఆల్థాన్‌లో ఉంటూ ఈ పాఠం చదువుతున్నారా? అయితే జనవరి 14 అనగానే మీకు ఉత్తరాయణ్ గాలిపటాలు గుర్తుకొస్తాయి. కోస్తా పల్లెల్లో పెరిగినవారికి మాత్రం హరిదాసు గుర్తుకొస్తాడు.

ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగిదాకా ఉంటుంది. ఆ నెల రోజులూ హరిదాసు తెల్లవారుజామున కీర్తనలు పాడుతూ వీధుల్లో తిరుగుతాడు. తలపై అక్షయపాత్ర, ఒక చేత తంబుర, మరొక చేత చిడతలు, కాళ్లకు గజ్జెలు ఉంటాయి. ఆయన నోరు తెరిచి ఏమీ అడగడు. పిల్లలు బియ్యం తెస్తే మోకాలిపై వంగి, పాత్రను అందిస్తాడు. 'కృష్ణార్పణం' అని సాగిపోతాడు. పండుగనాడు ఇంటివారు ఆయనకు బట్టలు, ధాన్యం, డబ్బు ఇస్తారు.

దీన్ని కొందరు బిచ్చం అంటారు. అది పొరపాటు. ఊరికే అడిగి తీసుకొనేది బిచ్చం. విద్యను గౌరవించి ఇచ్చేది సంభావన. హరిదాసు నెల రోజులు పాడాడు. ఊరు ఆయనను గౌరవించింది. ఇక్కడ ఇద్దరూ ఇచ్చినవారే.

9.2 మేళం, చదివింపులు

గంగిరెద్దులవారు సన్నాయి, డోలు వాయిస్తూ వస్తారు. ఇంటివారిని దీవిస్తారు. ఎద్దు తల ఊపి దణ్ణం పెడుతుంది. హరికథ, బుర్రకథ జరిగేచోట డబ్బు చదివించినవారి పేరు అందరికీ వినబడేలా చెబుతారు.

పెద్ద పోషకులూ ఉన్నారు. విజయనగరం సంస్థానం పోషణతో 1919లో సంగీత కళాశాల ఏర్పడింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) దానికి మొదటి అధ్యక్షులు. సంస్థానం కళాశాల పెట్టింది, పాప గుప్పెడు బియ్యం వేసింది. ఇద్దరూ పాటను బతికించినవారే.

9.3 మీరు రాయండి

మీ పేట భజన బృందానికి పండుగ చందా ఇచ్చినవారికి ఐదు వాక్యాల లేఖ రాయండి. 'ధన్యవాదాలు' అంటే సరిపోదు. ఏమిచ్చారో, అది దేనికి ఉపయోగపడిందో రాయాలి. ఉదాహరణ: 'మీరిచ్చిన చందాతో మా డోలక్ బాగుచేయించుకొన్నాం. సంక్రాంతినాడు దానితోనే పాడతాం. తప్పక రండి.'

మీ ప్రగతిని తెలుసుకోండి
1. హరిదాసు పాత్రను ఎందుకు వంచుతాడు?
2. చదివింపులు ఇచ్చినవారికి కృతజ్ఞత ఎలా తెలుపుతారు?
3. 'సంభావన' అనే మాటను సొంతవాక్యంలో ప్రయోగించండి.

జవాబులు
1. పిల్లలు బియ్యం వేయడానికి.
2. వారి పేరును అందరికీ వినబడేలా చెప్పి.
3. మీ వాక్యాన్ని తోటి అభ్యాసకులకు చదివి వినిపించండి.