బూడిద దిబ్బ చెప్పిన పాఠం



సోషల్ క్లాసులో పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "రాత లేని కాలంలో మనుషులు ఎలా బతికారో మనకెలా తెలుసు టీచర్?"

తవ్వకాల్లో దొరికే వస్తువులు వాటంతట అవి మాట్లాడవు. అందుకే పరిశోధకులు ఇప్పటి మనుషుల పనులను కూడా దగ్గరగా గమనిస్తారు. కుండ ఎలా చేస్తున్నారు, మంద ఎక్కడ కడుతున్నారు, పని అయ్యాక నేలమీద ఏం మిగులుతోంది అని చూస్తారు. దీన్నే ఎత్నోఆర్కియాలజీ అంటారు.

మన దగ్గరి ఉదాహరణే చూద్దాం. పాత మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో, పక్కనే కర్ణాటకలోని బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లో పెద్ద బూడిద దిబ్బలున్నాయి. రాక్షసులను కాల్చిన చోట్లని ఊళ్లలో కథలుండేవి. అగ్నిపర్వతాల బూడిద అని కొందరు పండితులు భావించారు. అది కాలిన పశువుల పేడ అని 19వ శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ గుర్తించారు.

1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు దిబ్బను తవ్వారు. బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు, గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. అది నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి!

మరి విలువైన పేడను ఎందుకు కాల్చారు? పండుగలకు మంట వేసి, పశువులను దాటించే ఆచారం మన దేశంలో కొన్నిచోట్ల ఉంది. ఆల్చిన్ దాన్ని గుర్తుచేసి, అలాంటిదే జరిగి ఉండవచ్చన్నారు. ఇది ఊహ మాత్రమే, రుజువు కాదు. తర్వాత కర్ణాటకలోని బూదిహాళ్‌లో కె. పద్దయ్య తవ్వినప్పుడు, దొడ్డి పక్కనే జనం నివసించిన ఆనవాళ్లు దొరికాయి. ఆ దిబ్బలన్నీ మందలు కొన్నాళ్లు ఆగి వెళ్లిన మజిలీలే అనుకోవడానికి వీల్లేదని దాంతో తేలింది. పోలిక ప్రశ్నను చూపిస్తుంది, జవాబు మాత్రం తవ్వకమే చెప్పాలి.

పిల్లలు పొరబడే చోటు ఇంకొకటుంది. ఇప్పటి పశుకాపరులను చూసి "వీళ్లు పాతకాలం మనుషులు" అనేస్తారు. కాదు. వాళ్లూ మనలాగే ఈ కాలం వాళ్లు. సెల్‌ఫోన్‌లో సంత ధర కనుక్కుంటారు, పిల్లలను బడికి పంపుతారు. వాళ్ల పనిలో మనకు ఒక పోలిక దొరుకుతుంది, అంతే. ఈ తేడా తెలియకపోతే చరిత్ర పాఠం సాటి మనిషిని చిన్నచూపు చూడటం నేర్పుతుంది.

ఇంట్లో చేయించండి: ఊరికి వెళ్లినప్పుడు పశువుల దొడ్డినో, పొలంలో కట్టిన గొర్రెల మందనో పిల్లలకు చూపించండి. ఆ పని చేసేవారితో మర్యాదగా మాట్లాడించండి. తర్వాత నోటుబుక్‌లో రెండు వరుసలు గీయించండి. వందేళ్ల తర్వాత నేలలో మిగిలేవి ఒకవైపు, మిగలనివి రెండోవైపు. ఎముకలు, గుంజల గుంతలు మొదటి వరుసలోకి వస్తాయి. పశువుల పేర్లు, కాపరి పాట, మంద ఎవరిదన్న సంగతి రెండో వరుసలోకి వెళ్తాయి.

ఆ రెండో వరుస ఎంత పొడవుందో పిల్లలనే లెక్కపెట్టమనండి. చరిత్రకారులు ఎందుకంత జాగ్రత్తగా మాట్లాడతారో వాళ్లకే తెలుస్తుంది.