ఎఫ్‌పీజీఏ బోర్డుకి క్వార్టస్ ఇన్‌స్టాల్ చేయడం ఎలా? డౌన్‌లోడ్ నొక్కే ముందు చిప్ మీద నెంబరు చూడండి

ఈసీఈ చదువుతున్నవాళ్ళకి, వీఎల్‌ఎస్‌ఐ మీద ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళకి ఎఫ్‌పీజీఏ అనే మాట కొత్త కాదు. మామూలు ప్రాసెసర్‌లో సర్క్యూట్ ఫ్యాక్టరీలోనే ఫిక్స్ అయిపోతుంది, మనం దాని మీద ప్రోగ్రామ్ మాత్రమే నడుపుతాం. ఎఫ్‌పీజీఏలో అలా కాదు. లోపల ఉన్న వేల లాజిక్ బ్లాకులు ఒకదానితో ఒకటి ఎలా కనెక్ట్ అవ్వాలో మనమే చెప్తాం. అంటే సర్క్యూట్‌నే మనం రాస్తాం. నచ్చకపోతే చెరిపేసి ఇంకొకటి రాసుకోవచ్చు.

ఇదంతా వినడానికి బాగానే ఉంటుంది. కానీ చాలామంది మొదటి ఎల్ఈడీ వెలిగించకముందే, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలేషన్ దగ్గరే ఆగిపోతారు. నేనూ దాదాపు ఆగిపోయాను. ఆ రెండు రోజుల్లో నేను చేసిన తప్పులు, వాటిని సరిచేసుకున్న పద్ధతి వరసగా చెప్తాను.

అసలు ఏం జరిగిందంటే

మాది ట్రాఫిక్ లైట్ కంట్రోలర్ మినీ ప్రాజెక్ట్. సోమవారం రివ్యూ. సిమ్యులేషన్‌లో అంతా కరెక్ట్‌గానే వస్తోంది, కానీ బోర్డు మీద చూపిస్తేనే పూర్తి మార్కులు. కొత్త బోర్డు కొనే బడ్జెట్ లేదు. సీనియర్ అన్న ఒకాయన తన పాత బోర్డు ఇచ్చాడు. అరచేతిలో పట్టేంత చిన్న బోర్డు, మధ్యలో నల్లటి చదరపు చిప్, దాని మీద ఆల్టెరా అని ఉంది.

ఆల్టెరా అంటే క్వార్టస్ కదా అని శుక్రవారం రాత్రే లేటెస్ట్ క్వార్టస్ ప్రైమ్ లైట్ ఎడిషన్ డౌన్‌లోడ్ పెట్టాను. అన్ని చిప్ ఫ్యామిలీలూ ఉన్న పూర్తి ప్యాకేజీ. మా రూమ్‌లో వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాటే గతి. రోజువారీ డేటా అయిపోతే యాడ్ ఆన్ ప్యాక్‌లు వేయించుకుంటూ తెల్లారేదాకా కూర్చున్నాను. శనివారం మధ్యాహ్నానికి ఇన్‌స్టాల్ అయింది. కొత్త ప్రాజెక్ట్ తెరిచి చిప్ లిస్ట్ చూస్తే, సైక్లోన్ 4 ఉంది, సైక్లోన్ 5 ఉంది, నా దగ్గరున్న సైక్లోన్ 2 మాత్రం లేదు!

సీనియర్‌కి ఫోన్ చేస్తే ఒకే ఒక్క మాట అడిగాడు: "తమ్ముడూ, డౌన్‌లోడ్ పెట్టేముందు చిప్ మీద నెంబరు చూశావా?"

చూడలేదు. తప్పంతా అక్కడే జరిగింది.

స్టెప్ 1: చిప్ మీద నెంబరు చదవండి

ఫోన్ కెమెరాతో దగ్గరగా జూమ్ చేసి ఫోటో తీస్తే నెంబరు స్పష్టంగా కనిపిస్తుంది. నా చిప్ మీద ఉన్నది ఈపీ2సీ5టీ144సీ8ఎన్. చూడటానికి వైఫై పాస్‌వర్డ్‌లా ఉంటుంది కానీ ప్రతి ముక్కకీ అర్థం ఉంది.

ఈపీ2సీ అంటే సైక్లోన్ 2 ఫ్యామిలీ. ఇది 2004లో వచ్చింది. తర్వాతి 5 చిప్ సైజు చెప్తుంది, ఇందులో 4,608 లాజిక్ ఎలిమెంట్లు ఉంటాయి. టీ144 అంటే 144 కాళ్ళు ఉన్న పల్చటి చదరపు ప్యాకేజీ. సీ అంటే మామూలు కమర్షియల్ టెంపరేచర్ రేంజ్. 8 అంటే స్పీడ్ గ్రేడ్. ఇక్కడ చిన్న తిరకాసు ఉంది. సైక్లోన్ 2లో 6 అంటే ఫాస్ట్, 8 అంటే స్లో. చివరి ఎన్ అంటే సీసం లేకుండా తయారైన చిప్.

ఈ నెంబరు పూర్తిగా రాసి పెట్టుకోండి. ప్రాజెక్ట్ క్రియేట్ చేసేటప్పుడు మళ్ళీ ఇదే కావాలి.

స్టెప్ 2: నెంబరుకి తగ్గ వెర్షన్ ఎంచుకోండి

ఫోన్ యాప్‌లలో లేటెస్ట్ వెర్షన్ అంటే బెస్ట్ వెర్షన్ అని మనకు అలవాటు. ఎఫ్‌పీజీఏ టూల్స్‌లో అది పనిచేయదు. కొత్త వెర్షన్లు పాత చిప్‌లకి సపోర్ట్ తీసేస్తాయి.

ఆల్టెరా చిప్‌లైతే: సైక్లోన్ 2కి చివరి వెర్షన్ క్వార్టస్ 2, 13.0 సర్వీస్ ప్యాక్ 1. సైక్లోన్ 3కి చివరిది 13.1. సైక్లోన్ 4, సైక్లోన్ 5, మ్యాక్స్ 10 ఉంటే కొత్త క్వార్టస్ ప్రైమ్ లైట్ వేసుకోవచ్చు. ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ ఉంటుంది. 2015లో ఇంటెల్ ఆల్టెరాని కొనేసింది. అందుకే ఒకే సాఫ్ట్‌వేర్ కొన్ని చోట్ల ఆల్టెరా పేరుతో, కొన్ని చోట్ల ఇంటెల్ పేరుతో కనిపిస్తుంది. కంగారు పడకండి, రెండూ ఒకటే.

జైలింక్స్ చిప్‌లైతే: ఆర్టిక్స్ 7, స్పార్టన్ 7, జింక్ 7000 లాంటి 7 సిరీస్ చిప్‌ల నుంచి వివాడో. స్పార్టన్ 6కి, అంతకంటే పాతవాటిలో కొన్నిటికి ఐఎస్ఈ 14.7 వాడాలి. అది 2013లో వచ్చిన ఆఖరి వెర్షన్. విండోస్ 10 కోసం ఇచ్చిన ఐఎస్ఈ వర్చువల్ మెషీన్‌గా వస్తుంది, అందులో స్పార్టన్ 6కి మాత్రమే సపోర్ట్ ఉంది. సెకండ్ హ్యాండ్ బోర్డు చవగ్గా వస్తోందని కొనేముందు ఈ విషయం గుర్తుపెట్టుకోండి. జైలింక్స్‌ని 2022లో ఏఎండీ కొనేసింది కాబట్టి వివాడో కోసం ఇప్పుడు ఏఎండీ సైట్‌కి వెళ్ళాలి.

లాటిస్ ఐస్40 చిప్ ఉంటే మీరు లక్కీ. యోసిస్, నెక్స్ట్‌పీఎన్ఆర్, ఐస్‌స్టార్మ్ అనే ఓపెన్ సోర్స్ టూల్స్ సరిపోతాయి. పెద్ద కంపెనీల ప్యాకేజీలతో పోలిస్తే ఇవి చాలా చిన్నవి.

స్టెప్ 3: కావాల్సినవే డౌన్‌లోడ్ చేయండి

నా రెండో తప్పు, మొత్తం ప్యాకేజీ దించడం. క్వార్టస్ డౌన్‌లోడ్ పేజీలో అన్నీ కలిపిన పెద్ద ఫైల్‌తో పాటు, విడివిడి ఫైళ్ళు కూడా ఉంటాయి. మీకు కావాల్సినవి రెండే. ఒకటి క్వార్టస్ అసలు ఇన్‌స్టాలర్, రెండోది మీ చిప్ ఫ్యామిలీకి చెందిన డివైస్ ఫైల్. 13.0 సర్వీస్ ప్యాక్ 1లో సైక్లోన్ 2, 3, 4 మూడింటికీ కలిపి ఒకే డివైస్ ఫైల్ ఉంది. సిమ్యులేషన్ కూడా చేయాలంటే మోడల్‌సిమ్ స్టార్టర్ ఎడిషన్ ఫైల్ మూడోది.

వెబ్ ఎడిషన్ అని ఉన్నదే తీసుకోండి. అది ఫ్రీ, లైసెన్స్ ఫైల్ అడగదు. ఎవరో డ్రైవ్ లింక్‌లో పెట్టిన క్రాక్డ్ వెర్షన్ల జోలికి వెళ్ళకండి, అవసరమే లేదు.

దించిన ఫైళ్ళన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, అప్పుడు ఇన్‌స్టాలర్ రన్ చేయండి. డివైస్ ఫైల్ పక్కనే ఉంటే ఇన్‌స్టాలర్ దాన్ని తనంతట తానే గుర్తుపట్టి లిస్టులో చూపిస్తుంది. ఇన్‌స్టాల్ చేసే ఫోల్డర్ పేరులోనూ, తర్వాత ప్రాజెక్ట్ పెట్టే ఫోల్డర్ పేరులోనూ ఖాళీలు లేకుండా చూసుకోండి. డెస్క్‌టాప్ మీద "న్యూ ఫోల్డర్"లో పెట్టే అలవాటు ఇక్కడ మానేయాలి.

స్టెప్ 4: కేబుల్ డ్రైవర్

కంప్యూటర్ నుంచి చిప్‌లోకి డిజైన్ పంపడానికి యూఎస్‌బీ బ్లాస్టర్ అనే కేబుల్ కావాలి. సీనియర్ దగ్గర అది పోయింది. శనివారం సాయంత్రం కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్ళి ఒకటి తెచ్చుకున్నాను.

కేబుల్ పెట్టగానే విండోస్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. డివైస్ మేనేజర్ తెరవండి. యూఎస్‌బీ బ్లాస్టర్ పక్కన పసుపు గుర్తు కనిపిస్తే రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ డ్రైవర్ నొక్కండి. ఆన్‌లైన్‌లో వెతకమని చెప్పకుండా, కంప్యూటర్‌లోనే బ్రౌజ్ చేసే ఆప్షన్ తీసుకోండి. క్వార్టస్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్ లోపల డ్రైవర్స్ అనే ఫోల్డర్, అందులో యూఎస్‌బీ బ్లాస్టర్ ఫోల్డర్ ఉంటాయి. దాన్ని చూపించండి. నా విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

స్టెప్ 5: మొదటి ప్రాజెక్ట్, ఒక్క ఎల్ఈడీ

డైరెక్ట్‌గా ట్రాఫిక్ లైట్ ఎక్కించేయాలని చేతులు దురద పెడతాయి. వద్దు. ముందు ఒక్క ఎల్ఈడీ బ్లింక్ చేయండి. అది వెలిగిందంటే సాఫ్ట్‌వేర్, డ్రైవర్, కేబుల్, బోర్డు నాలుగూ బాగున్నట్టే. ఆ తర్వాత ఏదైనా పనిచేయకపోతే తప్పు మీ కోడ్‌లో ఉందని ధైర్యంగా అనుకోవచ్చు.

న్యూ ప్రాజెక్ట్ విజార్డ్‌లో ప్రాజెక్ట్‌కి బ్లింక్ అని పేరు పెట్టండి. వెరిలాగ్‌లో మాడ్యూల్ పేరు కూడా అదే ఉండాలి. పేర్లు కలవకపోతే టాప్ లెవెల్ ఎంటిటీ లేదని ఎర్రర్ వస్తుంది. కొత్తవాళ్ళు మొదట చూసే ఎర్రర్ దాదాపు ఇదే. డివైస్ లిస్టులో స్టెప్ 1లో రాసుకున్న నెంబరే ఎంచుకోండి.

కోడ్ చాలా సింపుల్. 26 బిట్ల కౌంటర్ పెట్టి, ప్రతి క్లాక్ దెబ్బకీ ఒకటి కలుపుతూ పోవడమే. దాని అన్నిటికన్నా పై బిట్‌ని ఎల్ఈడీకి కలపండి. బోర్డు మీద క్లాక్ 50 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి 5 కోట్ల దెబ్బలు. 26 బిట్ల కౌంటర్ ఒక చుట్టు తిరగడానికి 6.7 కోట్ల దెబ్బలు కావాలి. కాబట్టి ఒక పూర్తి బ్లింక్‌కి 1.34 సెకన్లు పడుతుంది.

ఇప్పుడు పిన్ ప్లానర్ తెరవండి. నా బోర్డులో క్లాక్ 17వ పిన్, మూడు ఎల్ఈడీలు 3, 7, 9 పిన్‌లు, బటన్ 144వ పిన్. ఈ ఎల్ఈడీలు సున్నా పంపితే వెలుగుతాయి, ఒకటి పంపితే ఆరిపోతాయి. ట్రాఫిక్ లైట్ లాజిక్ రాసేటప్పుడు ఇది మర్చిపోతే రెడ్ వెలగాల్సిన చోట మిగతా రెండూ వెలుగుతాయి!

కంపైల్ చేసే ముందు ఇంకో సెట్టింగ్ ఉంది, దీన్ని మాత్రం వదలొద్దు. అసైన్‌మెంట్స్ మెనూలో డివైస్, అందులో డివైస్ అండ్ పిన్ ఆప్షన్స్, అందులో అన్‌యూజ్డ్ పిన్స్. అక్కడ "యాజ్ ఇన్‌పుట్ ట్రై స్టేటెడ్" పెట్టండి. ఈ చిన్న బోర్డు మీద కొన్ని పిన్‌లు నేరుగా పవర్‌కి, గ్రౌండ్‌కి కలిపి ఉంటాయి. వాడని పిన్‌లని ఔట్‌పుట్‌గా వదిలేస్తే పవర్‌కి కలిసిన పిన్ షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అరువు తెచ్చుకున్న బోర్డు కదా, జాగ్రత్త.

కంపైల్ అయ్యాక వార్నింగ్‌లు చాలా వస్తాయి. టైమింగ్ ఫైల్ లేదని క్రిటికల్ వార్నింగ్ కూడా రావచ్చు. ఎల్ఈడీ బ్లింక్‌కి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఎర్రర్‌లు సున్నా ఉంటే చాలు.

స్టెప్ 6: బోర్డులోకి ఎక్కించడం

బోర్డుకి 5 వోల్టుల అడాప్టర్ మాత్రమే పెట్టండి. ఇంట్లో వైఫై రౌటర్ అడాప్టర్ ప్లగ్ కూడా సరిపోయినట్టే అనిపిస్తుంది, కానీ వాటిలో చాలా వరకు 12 వోల్టులవే. అడాప్టర్ మీద రాసింది చదివాకే పెట్టండి. కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు బోర్డు పవర్ ఆఫ్‌లో ఉండాలి.

టూల్స్ మెనూలో ప్రోగ్రామర్ తెరిచి, హార్డ్‌వేర్ సెటప్‌లో యూఎస్‌బీ బ్లాస్టర్ ఎంచుకుని ఆటో డిటెక్ట్ నొక్కండి. నాకు ఎన్నిసార్లు నొక్కినా చిప్ దొరకలేదు. డ్రైవర్ మళ్ళీ వేశాను, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను, గంట పోయింది. చివరికి చూస్తే బోర్డు మీద పది పిన్‌ల సాకెట్లు రెండు ఉన్నాయి, ఒకటి జేట్యాగ్, ఇంకోటి ఏఎస్. నేను పెట్టింది ఏఎస్‌లో. మార్చగానే చిప్ కనిపించింది. ఎస్‌ఓఎఫ్ ఫైల్ ఎంచుకుని స్టార్ట్ నొక్కాను, వంద శాతం అయింది, ఎల్ఈడీ బ్లింక్ అయింది. ఆదివారం తెల్లవారుజామున మూడింటికి రూమ్‌మేట్‌ని లేపి మరీ చూపించాను. వాడు తిట్టి పడుకున్నాడు.

స్టెప్ 7: కరెంట్ పోయినా ఉండాలంటే

ఆదివారం సాయంత్రానికి ట్రాఫిక్ లైట్ కూడా రెడీ. బ్యాగులో సర్దుదామని పవర్ తీసి, అనుమానంతో మళ్ళీ పెట్టి చూశాను. ట్రాఫిక్ లైట్ లేదు! సీనియర్ ఎప్పుడో వేసిన పాత ప్రోగ్రామ్ నడుస్తోంది.

కారణం ఏమిటంటే, ఎస్‌ఓఎఫ్ ఫైల్ చిప్ లోపలి ర్యామ్‌లోకి మాత్రమే వెళ్తుంది. పవర్ పోతే అదీ పోతుంది. శాశ్వతంగా ఉండాలంటే బోర్డు మీద ఉన్న ఈపీసీఎస్4 అనే ఫ్లాష్ చిప్‌లోకి రాయాలి. ఇందాకటి డివైస్ అండ్ పిన్ ఆప్షన్స్‌లోనే కాన్ఫిగరేషన్ విభాగంలో ఈపీసీఎస్4 ఎంచుకుని మళ్ళీ కంపైల్ చేయండి, పీఓఎఫ్ ఫైల్ వస్తుంది. పవర్ ఆఫ్ చేసి కేబుల్‌ని ఇప్పుడు ఏఎస్ సాకెట్‌కి మార్చండి. పవర్ ఆన్ చేసి, ప్రోగ్రామర్‌లో మోడ్‌ని యాక్టివ్ సీరియల్‌గా మార్చి, పీఓఎఫ్ ఫైల్ పెట్టి, ప్రోగ్రామ్, వెరిఫై రెండూ టిక్ చేసి స్టార్ట్ నొక్కండి. తర్వాత పవర్ తీసి పెట్టి చూడండి.

సోమవారం ల్యాబ్‌లో మా టేబుల్ దగ్గరికి సార్ వచ్చేసరికి ల్యాప్‌టాప్ ఇంకా ఆన్ కూడా అవ్వలేదు. బోర్డుకి అడాప్టర్ మాత్రం పెట్టి ఉంచాం. రెడ్, ఎల్లో, గ్రీన్ వాటంతట అవే మారుతున్నాయి. సార్ అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఏ చిప్ రా?" నెంబరు చివరి అక్షరం దాకా గడగడా చెప్పేశాను.